ఇంగ్లిష్ దాచుకున్న అరసున్నలు: పలకని అక్షరాలు స్పెల్లింగ్‌లో ఎందుకున్నాయి?

క్లుప్తంగా: ఇంగ్లిష్‌లో ఇప్పుడు పలకని అక్షరాల్లో చాలావాటిని ఒకప్పుడు అందరూ పలికేవారు. మాట మారింది, రాత మారలేదు. కొన్ని మాత్రం ఎన్నడూ పలికినవి కావు, లాటిన్ మీద మోజుతో పండితులు చేర్చినవి. ఇంకొన్ని పక్క అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పడానికి నిలబడి ఉన్నవి. ఏది ఏ రకమో తెలిస్తే బట్టీ పట్టాల్సిన భారం చాలావరకు తగ్గుతుంది.

చాకును 'నైఫ్' అంటారు, రాసేటప్పుడు మాత్రం ముందు కె పెట్టాలి. అప్పును 'డెట్' అంటారు, మధ్యలో బి రాయాలి. 'ఐలాండ్' అనే మాటలో ఎస్ ఉంటుంది, అది ఎవరి నోటా వినపడదు. గుణింతాలు, ఒత్తులు నేర్చుకున్న తెలుగు పిల్లలకు ఇది నిజంగా అయోమయంగానే ఉంటుంది. తెలుగులో రాసింది రాసినట్టు చదివితే చాలు, ఎన్నడూ చూడని ఊరి పేరైనా నోటికి వచ్చేస్తుంది. ఇంగ్లిష్‌లో 26 అక్షరాలూ కంఠతా వచ్చినా కొత్త మాట దగ్గర ఆగిపోవాల్సిందే. 'అది ఎందుకు పలకరు?' అని అడిగితే 'అది సైలెంట్, అంతే' అనే జవాబు వస్తుంది. అక్కడే ఆగిపోతే బట్టీ తప్ప దారి లేదు. నిజానికి ఈ అక్షరాల్లో చాలావాటి వెనక స్పష్టమైన కారణం ఉంది.

## తెలుగుకూ ఇలాంటి అక్షరం ఉండేది

పాత తెలుగు పుస్తకం ఏది తెరిచినా 'వాఁడు', 'ఏఁడు' అని మధ్యలో అరసున్న కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని పలికేవారు లేరు. అయినా అది ఊరికే పెట్టిన గుర్తు కాదు. 'ఏఁడు' అంటే సంవత్సరం, 'ఏడు' అంటే అంకె. 'వాఁడు' అంటే అతను, 'వాడు' అంటే వాడిపోవడం. అరసున్న ఉన్న చోట ఒకప్పుడు ముక్కుతో పలికే ధ్వని ఉండేది. తెలంగాణలో 'పదేండ్లు' అన్నప్పుడు ఆ ధ్వని ఇప్పటికీ నిండుగా వినిపిస్తుంది. అంటే అరసున్న ఒక ధ్వని వెళ్లిపోతూ వదిలిన జాడ.

బండి 'ఱ' సంగతీ ఇంతే. 'గుఱ్ఱము' అని రాసిన రోజుల్లో ఆ అక్షరానికి మామూలు 'ర'కు లేని పలుకు ఉండేది. పలుకులో తేడా పోయాక కూడా పుస్తకాల్లో చాలాకాలం అలాగే రాశారు. గిడుగు రామమూర్తి వంటివారు నడిపిన వ్యావహారిక భాషోద్యమం తర్వాత, 20వ శతాబ్దంలో రోజువారీ రాత వాడుక మాటకు దగ్గరగా జరిగింది. ఆ క్రమంలో అరసున్న, బండి 'ఱ' రెండూ వెనక్కి వెళ్లిపోయాయి. ఇంగ్లిష్‌లో అలాంటి మలుపు రాలేదు. దాని అరసున్నలన్నీ అచ్చులో అలాగే ఉండిపోయాయి.

## ఒకప్పుడు పలికిన కె, జి, డబ్ల్యూ

గుర్రమెక్కి యుద్ధం చేసే యోధుణ్ణి ఇప్పుడు 'నైట్' అంటారు. రాత్రినీ 'నైట్' అనే అంటారు. తెలుగు లిపిలో రాస్తే రెండింటికీ తేడా లేదు. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లో మాత్రం యోధుడి మాటను 'క్నిహ్ట్' అన్నట్టు పలికేవారు. ముందు కె స్పష్టంగా వినిపించేది. చివర 'ట్'కు ముందు గొంతులో రాపిడితో వచ్చే ధ్వని ఉండేది, ఉర్దూలో 'ఖబర్' అన్నప్పుడు మొదట వచ్చేలాంటిది. ఆ ధ్వనిని రాయడానికే తర్వాతి లేఖకులు జి, హెచ్ కలిపి వాడారు. ఇప్పుడు కనిపించే ఆ రెండు అక్షరాలు దాని గుర్తులే.

పక్కనున్న జర్మన్ భాష ఇందుకు సాక్ష్యం. మోకాలిని ఇంగ్లిష్‌లో 'నీ' అంటారు, ముందున్న కె పలకరు. జర్మన్లు అదే మాటను 'క్నీ' అని కె పలుకుతూ అంటారు. రాత్రిని 'నాఖ్ట్' అంటారు, గొంతు రాపిడి అలాగే ఉంది. అక్కచెల్లెళ్లలాంటి భాషల్లో ఒకటి పాత పలుకు నిలుపుకుంది, ఇంకొకటి పాత రాత నిలుపుకుంది.

ఎన్ ముందున్న కె, జి ఇంగ్లండ్‌లో 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం మొదటికల్లా నోటి నుంచి జారిపోయాయి. రాయడాన్ని చెప్పే 'రైట్', తప్పును చెప్పే 'రాంగ్' మాటల మొదట్లో ఆర్ ముందున్న డబ్ల్యూ కూడా ఆ కాలం చుట్టుపక్కలే పోయింది. ఒక హల్లు వెంటనే ఇంకో హల్లు పలకాల్సి వచ్చినప్పుడు మొదటిది అరిగిపోవడం ఏ భాషలోనైనా జరిగేదే.

గొంతు రాపిడి ధ్వని మాత్రం రెండు దారుల్లో వెళ్లింది. 'నైట్', 'డాటర్' లాంటి మాటల్లో పూర్తిగా పోయింది. 'లాఫ్', 'కఫ్', 'ఇనఫ్' లాంటి మాటల్లో 'ఫ్'గా మారింది. జి, హెచ్ కలిస్తే ఒకచోట 'ఫ్' ఎందుకు, ఇంకోచోట ఏమీ లేకపోవడం ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఇదే. రాత ఒకటే, దాని కింద ఉన్న ధ్వని రెండు దారులు పట్టింది.

ఎం తర్వాత వచ్చే బి కథలో చిన్న మెలిక ఉంది. గొర్రెపిల్లను చెప్పే 'లామ్', ఎక్కడాన్ని చెప్పే 'క్లైమ్' మాటల చివర బి ఒకప్పుడు పలికేదే, క్రమంగా ఆగిపోయింది. బొటనవేలి మాట 'థమ్'లో మాత్రం అసలు బి లేదు. పాత ఇంగ్లిష్‌లో అది 'థూమ' అనే రూపంలో ఉండేది. 'లామ్' చివర బి రాస్తున్నారు కదా అని దీనికీ తగిలించారు. నిజమైన జాడల మధ్య ఇలాంటి నకిలీ జాడలూ ఉన్నాయి.

## మాట పరుగులో ఉండగా అచ్చు ఆగిపోయింది

పలుకు మారడం ప్రతి భాషలోనూ ఉంది. ఇంగ్లిష్‌కు వచ్చిన చిక్కు కాలానికి సంబంధించింది. అచ్చుల (వవెల్స్) పలుకు అన్నిటికంటే జోరుగా మారుతున్న రోజుల్లోనే అచ్చుయంత్రం వచ్చి స్పెల్లింగ్‌ను బిగించేసింది.

విలియం కాక్‌స్టన్ 1476లో లండన్ పక్కనున్న వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఇంగ్లండ్‌కు మొదటి అచ్చుయంత్రం పెట్టాడు. అంతకుముందు చాలా ఏళ్లు ఇప్పటి బెల్జియం ప్రాంతంలో వ్యాపారం చేసినవాడు. ఏ స్పెల్లింగ్ వాడాలో తేలక అతను పడిన అవస్థ 1490లో ఒక పుస్తకానికి రాసిన ముందుమాటలో ఉంది. థేమ్స్ నదిలో గాలి లేక ఓడ ఆగిపోయింది. అందులోని వ్యాపారి ఒకడు ఒడ్డుకు వెళ్లి ఒక ఇల్లాలిని 'ఎగ్గిస్' కావాలని అడిగాడు. ఆమె తనకు ఫ్రెంచ్ రాదంది. తనకూ ఫ్రెంచ్ రాదని అతనికి కోపం వచ్చింది. పక్కనున్నవాడు 'ఐరెన్' కావాలట అన్నాక గానీ గుడ్లు అడుగుతున్నారని ఆమెకు అర్థం కాలేదు. ఇద్దరిదీ ఇంగ్లిషే, ఒకరిది ఒక ప్రాంతం మాట, ఇంకొకరిది ఇంకో ప్రాంతం మాట. ఈ రోజుల్లో ఏ మాట రాయాలి, ఎగ్గిసా ఐరెనా అని కాక్‌స్టన్ అడిగాడు. అలాంటి పరిస్థితిలో అచ్చుకూటంలో ఏది ఎక్కువగా పడితే అదే నిలిచింది. దెయ్యాన్ని చెప్పే 'ఘోస్ట్' మాటలో జి పక్కన హెచ్ చేరింది కూడా ఆ బెల్జియం ప్రాంతపు ఫ్లెమిష్ భాష రాత అలవాటు ప్రభావంతోనే. అంతకుముందు ఇంగ్లిష్‌లో అక్కడ హెచ్ లేదు.

ఇక అచ్చుల సంగతి. సుమారు 1400 నుంచి 1700 మధ్య ఇంగ్లిష్ దీర్ఘాచ్చులన్నీ ఒకదాని చోటికి ఇంకొకటి జరిగాయి. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ దీనికి 'గ్రేట్ వవెల్ షిఫ్ట్' అని పేరు పెట్టారు. ఇప్పుడు 'నేమ్' అంటున్న మాట అప్పట్లో 'నామ'కు దగ్గరగా ఉండేది. 'టైమ్' అన్నది 'టీమ'లా, 'హౌస్' అన్నది 'హూస్'లా వినిపించేది. ఎ అక్షరం 'ఆ'ను, ఐ అక్షరం 'ఈ'ని చెప్పేవి. మిగతా యూరప్ భాషల్లో ఇప్పటికీ దాదాపు అంతే.

ఈ మార్పు జాడ తెలుగు పేర్లలోనే చూడొచ్చు. సీత పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో కొందరు ఒక్క ఐతో రాస్తారు, కొందరు రెండు ఇలతో రాస్తారు. మూర్తిని కొందరు యుతో, కొందరు రెండు ఓలతో రాస్తారు. ఐ అంటే 'ఈ', యు అంటే 'ఊ' అనుకోవడం పాత విలువ. రెండు ఇలంటే 'ఈ', రెండు ఓలంటే 'ఊ' అనుకోవడం మార్పు తర్వాత ఇంగ్లిష్‌లో వచ్చిన విలువ. ఒకే పేరు రెండు స్పెల్లింగులతో తిరగడం వెనక ఇంగ్లండ్‌లో 300 ఏళ్లు సాగిన మార్పు ఉంది.

## ఫ్రెంచ్ చేతిరాత తెచ్చిన చిక్కులు

1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక రాసే పని ఫ్రెంచ్ పద్ధతులు నేర్చినవారి చేతుల్లోకి వెళ్లింది. రాణి మాట అంతకుముందు సి, డబ్ల్యూతో మొదలయ్యేది, వాళ్లు దాన్ని క్యూ, యుగా మార్చారు.

ఇంకో మార్పు చూపు కోసం జరిగింది. ఆనాటి చేతిరాతలో ఐ, ఎం, ఎన్, యు, వి అన్నీ చిన్న నిలువు గీతలే. వాటిలో రెండు మూడు పక్కపక్కన పడితే కంచె కర్రల్లా కనిపించేవి, ఏది ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. అందుకని అలాంటి చోట్ల యుకు బదులు ఓ రాయడం మొదలుపెట్టారు. కొడుకును చెప్పే 'సన్', సన్యాసిని చెప్పే 'మంక్', ప్రేమను చెప్పే 'లవ్', రమ్మనే 'కమ్' మాటల్లో ఓ ఉండి కూడా 'అ' పలకడానికి కారణం అదే. కాగితం మీద కలం గీతలు కనపడక చేసిన సర్దుబాటు ఫోన్ కీబోర్డు దాకా వచ్చింది.

'అవర్', 'ఆనెస్ట్', 'ఆనర్' మాటల మొదట్లో ఉన్న హెచ్ కూడా ఫ్రెంచ్ నుంచి వచ్చిందే. అక్కడే దాన్ని పలికేవారు కాదు. అదే దారిలో వచ్చిన 'హాస్పిటల్' హెచ్ మాత్రం రాతను చూసి చూసి పలుకులోకి ఎక్కింది. 'సైకాలజీ' ముందున్న పి, 'న్యుమోనియా' ముందున్న పి గ్రీకువి. గ్రీకులు వాటిని పలికేవారు. ఇంగ్లిష్ నోటికి మాట మొదట్లో 'ప్స', 'ప్న' తిరగవు.

## ఎన్నడూ పలకని బి

నేర్చుకునేవారికి అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది ఈ రకమే. అప్పు అనే మాట ఫ్రెంచ్ నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు, 'డెట్టె' లాంటి రూపంలో ఉండేది. పలికినట్టే రాసేవారు, ఇబ్బంది ఏమీ లేదు. లాటిన్ చదువు మళ్లీ గొప్పగా వెలిగిన రోజుల్లో పండితులు దాని మూలం లాటిన్‌లో 'డెబితుం' అని గుర్తుచేసుకుని మధ్యలో బి దూర్చారు. 'డౌట్'లో బి, 'రిసీట్'లో పి, చేపను చెప్పే 'సామన్'లో ఎల్ ఇలాగే చేరాయి. మూలం కనపడాలన్నది వారి పట్టుదల. నోటితో పని లేకుండా కంటి కోసం అక్షరం పెట్టడం అక్కడ జరిగింది.

'ఐలాండ్'లో జరిగింది అంతకంటే ఘోరం, అది పొరపాటు. ఆ మాట అచ్చమైన పాత ఇంగ్లిష్‌ది, లాటిన్‌తో సంబంధం లేదు. లాటిన్ 'ఇన్సుల' నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చిన 'ఐల్' అనే ఇంకో మాటతో దీన్ని కలిపేసుకుని ఎస్ తగిలించారు. 'కుడ్'లో ఎల్ కూడా అలాంటిదే. 'వుడ్', 'షుడ్' మాటల్లో ఎల్‌కు చరిత్ర ఉంది, 'కుడ్'కు లేదు. పక్కవాటిని చూసి దీనికీ పెట్టారు.

కొన్ని చోట్ల ఇలా చేర్చిన అక్షరం ప్రాణం పోసుకుంది. 'ఫాల్ట్'లో ఎల్, 'పర్ఫెక్ట్'లో సి లాటిన్ చూసి చేర్చినవే, ఇప్పుడు అందరూ పలుకుతున్నారు. రాత వెంట మాట నడిచిన సందర్భాలివి.

## పని చేసే మౌనం

అన్ని పలకని అక్షరాలూ దండగ కాదు. 'మ్యాట్' చివర ఇ చేరిస్తే 'మేట్' అవుతుంది. ఆ ఇ తాను పలకదు, వెనకున్న అచ్చును మారుస్తుంది. తెలుగులో గుణింతపు గుర్తు హల్లుకు అంటుకుని చేసే పనిని ఇది దూరం నుంచి చేస్తుంది. ఇంగ్లిష్‌లో సుమారు 44 ధ్వనులున్నాయి, అక్షరాలు 26 మాత్రమే. అచ్చుల దగ్గర కరువు ఇంకా ఎక్కువ, దాదాపు 20 అచ్చు ధ్వనులకు ఐదు అక్షరాలు. పలకని అక్షరాలను కాపలా పెట్టుకోక తప్పలేదు.

ఇంకొన్ని బంధుత్వం చూపుతాయి. 'సైన్'లో జి పలకదు, 'సిగ్నల్'లో పలుకుతుంది. శరదృతువును చెప్పే 'ఆటమ్' చివర ఎన్ వినపడదు, 'ఆటమ్నల్'లో వినపడుతుంది. కండరాన్ని చెప్పే 'మజిల్'లో సి మౌనం, 'మస్క్యులర్'లో గట్టిగా పలుకుతుంది. పలుకును బట్టి రాస్తే ఈ జంటల చుట్టరికం కంటికి కనపడకుండా పోతుంది. చివరి బి పలకని 'బామ్', ఆ బి పలికే 'బంబార్డ్' కూడా ఇలాంటి జంటే. తెలుగువారు 'బాంబు' అంటారు కాబట్టి ఆ బి ఎందుకుందో తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు.

ఇంగ్లిష్‌ను ఎగతాళి చేయడానికి చాలాకాలంగా చెప్పే ఒక ఉదాహరణ ఉంది. 'ఇనఫ్'లోని జి-హెచ్, 'విమెన్'లోని ఓ, 'నేషన్'లోని టి-ఐ కలిపితే 'ఫిష్' అని చదవొచ్చట. వినడానికి బాగుంటుంది గానీ నిజం కాదు. జి-హెచ్ మాట మొదట్లో ఎప్పుడూ 'ఫ్' పలకదు. టి-ఐ మాట చివర 'ష్' అవదు, వెనక ఇంకో అచ్చు ఉండాలి. అక్షరం విలువ అది కూర్చున్న చోటును బట్టి ఉంటుంది.

## సంస్కరణలు ఎందుకు నిలవలేదు

సరిచేసే ప్రయత్నాలు జరిగాయి. అమెరికాలో నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ 'కలర్'లో యు తీసేశాడు, 'సెంటర్' చివరి అక్షరాలు తారుమారు చేశాడు. అవి నిలిచాయి. నాలుకను చెప్పే 'టంగ్'ను టి-యు-ఎన్-జి అని రాయాలన్న అతని సూచన నిలవలేదు. 1906లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ 300 మాటలకు సరళమైన స్పెల్లింగ్ వాడాలని ప్రభుత్వ ముద్రణాలయాన్ని ఆదేశించాడు. పత్రికలు విరుచుకుపడ్డాయి, ప్రతినిధుల సభ వద్దంది, ఆ ఏడాది ముగిసేలోపే ఆదేశం వెనక్కి వెళ్లింది. 1949లో బ్రిటన్ పార్లమెంటులో స్పెల్లింగ్ సంస్కరణ బిల్లుకు అనుకూలంగా 84, వ్యతిరేకంగా 87 ఓట్లు వచ్చాయి. మూడు ఓట్ల తేడా.

అసలు అడ్డంకి ఓట్లలో లేదు. పలికినట్టు రాయాలంటే ఎవరు పలికినట్టు అన్నది ముందు తేలాలి. లండన్ మాటలో 'కార్' చివర ఆర్ వినపడదు, అమెరికాలో స్పష్టంగా వినపడుతుంది. స్కాట్లండ్, ఆస్ట్రేలియా, నైజీరియా, భారత్ పలుకులు వేరు. ఏ ఒక్కరి నోటిని కొలబద్దగా పెట్టినా మిగతావారికి కొత్త స్పెల్లింగ్ కూడా పలకని అక్షరాలతోనే ఉంటుంది. ఫ్రెంచ్‌కు ఉన్నట్టు ఇంగ్లిష్‌కు నిర్ణయం చెప్పే అకాడమీ కూడా లేదు. వాడుక భాష ఉద్యమంలో ఏ ప్రాంతపు వాడుక అనే ప్రశ్న తెలుగుకూ ఎదురైంది. అయితే తెలుగు తేల్చుకోవాల్సింది కొన్ని జిల్లాల మధ్య, ఇంగ్లిష్ తేల్చుకోవాల్సింది ఖండాల మధ్య.

## మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు

పిల్లలే. 2003లో వెలువడిన ఒక అధ్యయనం 13 యూరప్ భాషల్లో మొదటి ఏడాది చదువు ముగిసిన పిల్లలను పోల్చింది. ఎక్కువ భాషల్లో పిల్లలు తెలిసిన మాటల్లో 90 శాతం పైగా సరిగా చదివారు. ఇంగ్లిష్ నేర్చుకుంటున్న స్కాట్లండ్ పిల్లలు 34 శాతం దగ్గర ఆగారు. ఇంగ్లిష్ ఇంటి భాష అయిన పిల్లల పరిస్థితే అది. పుస్తకంలోనే ఇంగ్లిష్ చూసి పెరిగే తెలుగు పిల్లలు తడబడితే అది వారి తెలివికి సంబంధించిన లోటు కాదు.

తెలుగువారి ఇంగ్లిష్‌లో 'ప్లంబర్', 'సబ్‌టిల్', 'రిసీప్ట్' అని రాసిన అక్షరమల్లా పలకడం కనిపిస్తుంది. రాసిందల్లా పలకాలని తెలుగు లిపి నేర్పిన అలవాటు అది. సైన్యం వార్తల్లో వచ్చే 'లెఫ్టినెంట్ కల్నల్' అనే ఒక్క హోదాలోనే రెండు దారులూ కనిపిస్తాయి. 'లెఫ్టినెంట్' చెవి ద్వారా వచ్చింది, బ్రిటిష్‌వారి నోట వినిపించే 'ఫ్'కు స్పెల్లింగ్‌లో ఎఫ్ లేనే లేదు. 'కల్నల్' కంటి ద్వారా వచ్చింది. ఇంగ్లిష్‌వారు దాన్ని 'కర్నల్' అంటారు, హిందీలోనూ అంతే. ఆ మాట ఇటాలియన్‌లో ఎల్‌తో, ఫ్రెంచ్‌లో ఒక దశలో ఆర్‌తో ఉండేది. ఇంగ్లిష్ ఫ్రెంచ్ నుంచి పలుకు తీసుకుని, తర్వాత ఇటాలియన్ చూసి రాత సరిదిద్దుకుంది. తెలుగు ఆ రాతనే పలుకుతోంది.

ఈ గందరగోళం మీదే ఒక పోటీ నడుస్తోంది. అమెరికాలో 1925లో మొదలైన జాతీయ స్పెల్లింగ్ బీలో భారత సంతతి పిల్లలు, వారిలో తెలుగు ఇళ్ల పిల్లలు, చాలా ఏళ్లుగా ముందుంటున్నారు. మైకు ముందుకు వచ్చిన పిల్లలు తెలియని మాట వినగానే స్పెల్లింగ్ మొదలుపెట్టరు. ముందు అర్థం అడుగుతారు, ఆ తర్వాత 'ఈ మాట ఏ భాష నుంచి వచ్చింది?' అని అడుగుతారు. గ్రీకు అని తెలిస్తే 'ఫ్' వినపడిన చోట పి-హెచ్, 'క్' వినపడిన చోట సి-హెచ్ రాయొచ్చు. ఫ్రెంచ్ అని తెలిస్తే 'ష్'కు సి-హెచ్ చూసుకోవాలి, చివర పలకని టి ఉండొచ్చు. జర్మన్ అయితే 'ష్'కు ఎస్-సి-హెచ్. వాళ్లు నేర్చుకునేది మాటల జాబితా ఒక్కటే కాదు, ఏ మాట ఏ దారిన ఇంగ్లిష్‌లోకి నడిచి వచ్చిందో కూడా. ఆ ప్రశ్న అడగడానికి పోటీ నియమాలే అనుమతిస్తాయి. మన తరగతి గదుల్లో దాన్ని అడిగే పిల్లలకు ఇంకా 'సైలెంట్, అంతే' అనే జవాబే దొరుకుతోంది.